నాలుగు మూలలు లేని జెండా

ఆదివారం. ఇక్కడ వారం మొదలయ్యేది ఆదివారంతోనే.
రాత్రంతా అబ్బాసియాలో దుమ్ము రేగింది;
కిటికీ సందుల్లోంచి వచ్చి
నాకంటే ముందే హాజరు పట్టీ మీద కూర్చుంది.

ఎనిమిదో తరగతి. సోషల్. పదకొండో పాఠం,
ప్రపంచ పౌరసత్వం.
'పౌరులంటే ఎవరు?' అని బోర్డు మీద రాశానో లేదో
తస్నీమ్ లేచింది.
"మిస్, నేను ఫర్వానియా ఆసుపత్రిలో పుట్టాను. మా అన్నా అక్కడే.
మా నాన్న షువైఖ్‌లో ఇరవై ఆరేళ్లుగా టైర్లు మారుస్తున్నాడు.
నా బతాకా మార్చిలో అయిపోతుంది.
ఏప్రిల్‌లో నేనెవరు?"

పుస్తకంలో వెతికాను.
భూగోళం చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లల బొమ్మ ఉంది.
ఒక్కరి జేబులోనూ కార్డు ఉన్నట్టు లేదు.
"మంచి ప్రశ్న. కూర్చో" అన్నాను.
జవాబు రానప్పుడు టీచర్లమంతా
ఏ దేశంలోనైనా అనే మాట అదే.
ఆ పూట నేను రుజువు చేసిన ప్రపంచ ఐక్యత అదొక్కటే.

తర్వాత ప్రపంచ సభ. నలభై ఒక్క చీటీలు, నలభై ఒక్క దేశాలు.
ఫ్రాన్స్ కోసం జుట్లు పట్టుకున్నారు.
బ్రెజిల్‌ని జెస్విన్ ఎవరికీ చూపించకుండా జేబులో పెట్టుకున్నాడు.
నేపాల్ వచ్చిన హేమచరణ్
చీటీ విప్పి, మడిచి, బెంచీ కిందకు జారవిడిచాడు.
"నేపాలంటే ఏం మాట్లాడాలి మిస్?"
చూశానని తెలిసి
నాలుగు మూలలూ స్కేలుతో కొలిచి జెండా గీశాడు,
ఎర్ర రంగు, నీలం అంచు.

వరండాలో మాప్ కర్ర ఆగింది.
"మాఫ్ కీజియే మిస్. మా జెండాకి నాలుగు మూలలుండవు."

మూడేళ్లుగా ఆ వరండా తుడుస్తున్న మనిషి.
నలభై ఒక్క పేర్లు నన్ను నిద్రలో లేపినా చెబుతాను,
ఇంటిపేర్లతో, నాన్నల ఫోన్ నెంబర్లతో.
నలభై రెండోది ఎప్పుడూ అడగలేదు.

మార్కర్ చాచాను.
చేతులు ప్యాంటుకి తుడుచుకుని
చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు.
ఒక కోణం. దాని కింద కొంచెం పెద్దది ఇంకోటి.
పైన చంద్రుడు. కింద సూర్యుడికి
పెదాలు కదుపుతూ లెక్కపెట్టి పన్నెండు మొనలు.
"ఒక్క మొన తగ్గితే మా మాస్టారు గుంజీళ్లు తీయించేవాడు."
పిల్లలు నవ్వారు. తనూ నవ్వాడు.
రూపల్ అడిగింది, "మీ పేరేంటి అంకుల్?"
"తిల్ బహదూర్ పుల్లామి."
"మీ బడిలో వరండా ఎవరు తుడిచేవాళ్లు?"
"మేమే. వంతులేసుకుని."

మెట్ల మీద సూపర్‌వైజర్ బూట్లు వినబడ్డాయి.
తలుపు నుంచి బోర్డు దాకా దుమ్ములో తన పాదాల గుర్తులు.
వెనక్కి నడుస్తూ
తన అడుగుల్ని తనే తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

నందలూరులో మా పెద్దమ్మ పద్నాలుగేళ్లు జహ్రాలో
ఒకరింట్లో పనిచేసి వచ్చింది.
వాళ్ల భాషలో కల కనేదట, చివరి రోజుల్లో ఎవరితోనో అన్నది.
అంట్లు తప్ప ఏం చూసుంటుందిలే అని
మేమెవరం ఏమీ అడగలేదు.
ఆమె తెచ్చిన సెంటు సీసాలు మాత్రం పంచుకున్నాం.

పాఠ్య ప్రణాళికలో ఆఖరి గడి, 'సాధించిన ఫలితాలు'.
పెన్ను మూత తీశాను. పెట్టేశాను.
బోర్డు చెరపడానికి చెయ్యి రాలేదు;
తర్వాతి పిరియడ్ లెక్కల సారు
ఆ జెండా పక్కనే త్రిభుజాల వైశాల్యం మొదలుపెట్టాడట.

గంట కొట్టాక తస్నీమ్ నా బల్ల దగ్గర ఆగింది.
"ఇది పరీక్షలో వస్తుందా మిస్?"
"ఏది?"
"నేనడిగింది."